మమత దగ్గు మీద జరిగిన బేరం

నా పదవీ విరమణ సభలో మా పై అధికారి నాకు శాలువా కప్పి, మైకు ముందు నన్ను శాంతమూర్తి అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరినీ ఇబ్బంది పెట్టని డాక్టరమ్మ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఇంటికొచ్చి ఆ శాలువా మడత పెడుతుంటే అప్పుడు వచ్చింది కోపం. ఇంకా పోలేదు.

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. ఉద్యోగమంతా వికారాబాద్, తాండూరు మధ్యనే గడిచింది. టీబీకి మందులున్నాయి. సర్కారు ఉచితంగా ఇస్తుంది. అవి పనిచేస్తాయి. అయినా మనుషులు పోతున్నారంటే రోగికీ మందుకీ మధ్య ఎవరో అడ్డంగా నిలబడ్డారన్న మాట. వాళ్ళ మీద కోపం రాని డాక్టరు ఈ విభాగానికి రాకపోవడమే మంచిది. చర్మవ్యాధులో, కంటి జబ్బులో చూసుకోవచ్చు.

కొత్తగా టీబీ విభాగంలో చేరిన కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మేడం, అక్కడ పని ఎట్లా ఉంటుంది?" అని అడుగుతారు. బదిలీల సంగతి, నెలవారీ రిపోర్టుల సంగతి వాళ్ళకు ఎలాగూ తెలిసివస్తుంది. నేను వాళ్ళకు మమత గురించి చెబుతాను. నా సర్వీసు చివరి రోజుల్లో వచ్చిన అమ్మాయి. రాసేటప్పుడు పేరు మార్చనా అని అడిగితే, "ఎందుకు మేడం, నా పేరే ఉండనీయండ్రి" అంది. ఎందుకలా అందో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

విదేశాలకు తయారవడం

ఈ మధ్య వికారాబాద్‌లో మా ఓపీలో కొత్త రకం మనుషులు కనిపించడం మొదలైంది. పాస్‌పోర్టు చేతిలో పట్టుకున్న పిల్లలు. పూడూరు నుంచి, నవాబుపేట నుంచి కూడా వచ్చేవాళ్ళు. బ్రిటన్ లాంటి దేశాలు చదువుకొచ్చే పిల్లలకు టీబీ లేదని పరీక్ష చేయించుకు రమ్మంటాయి. ఆ పరీక్ష వాళ్ళు ఒప్పుకున్న క్లినిక్‌లోనే జరగాలి, మనవాళ్ళు దానికోసం హైదరాబాద్ పోవాలి. ఎక్స్‌రేలో నీడ కనబడితే తెమడ పరీక్ష చేస్తారు. ఆ తెమడలో క్రిములు పెరుగుతాయేమోనని వారాల తరబడి చూస్తారు. టీబీ అని తేలితే చికిత్స పూర్తయ్యేదాకా వీసా రాదు.

ఆ నియమం మీద నాకు కోపం లేదు. వాళ్ళ మనుషులను వాళ్ళు కాపాడుకుంటున్నారు. నా కోపమంతా ఇక్కడి తయారీ మీద. ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ ఉంటుంది, వీసా ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో నేర్పేవాళ్ళుంటారు, చలికోట్లు ఎక్కడ కొనాలో చెప్పేవాళ్ళుంటారు. నెలల తరబడి దగ్గుతున్న పిల్లను పట్టుకుని "ఎందుకు దగ్గుతున్నావమ్మా?" అని అడిగేవాడు ఒక్కడుండడు. పరీక్షలో నీడ కనబడిన రోజున మాత్రం అందరికీ పరుగు. ఆ పరుగు జబ్బును పోగొట్టడానికి కాదు, నీడను దాచడానికి.

తాండూరు బస్టాండ్ దగ్గర విదేశీ చదువుల కన్సల్టెన్సీ ఒకటుంది. నడిపే మనిషిని కిషోర్ అందాం. అతను తెలివైనవాడు. హైదరాబాద్ క్లినిక్‌కు పంపే ముందే పిల్లలకు తాండూరులో ఎక్స్‌రే తీయించేవాడు. ఇది విని మొదట నేను మెచ్చుకున్నాను కూడా. ముందే తెలిస్తే ముందే మందులు మొదలవుతాయి కదా అనుకున్నాను. అతను ఎందుకు తీయిస్తున్నాడో మమత వచ్చినరోజు తెలిసింది.

"ఒక్క మాట రాసిస్తే చాలు"

ముగ్గురూ కలిసి వచ్చారు. మమత, ఆమె తల్లి బాలమణి, కిషోర్. మమతది బషీరాబాద్ దగ్గర పల్లె. కురుమ కుటుంబం. తండ్రి ఎండాకాలంలో గొర్రెల మందను తోలుకుని కర్ణాటక వైపు పోతాడు, వానలు పడ్డాక తిరిగొస్తాడు. మమత తాండూరులో మేనమామ ఇంట్లో ఉండి డిగ్రీ చదివింది. బయోటెక్నాలజీలో పై చదువుకు బ్రిటన్‌లో సీటొచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, తప్పు చేసినట్టు తల పక్కకు తిప్పుకుంటోంది.

మాట్లాడింది మాత్రం కిషోర్.

"చిన్న పని మేడం. ఈ పాప ఎక్స్‌రేల జర నీడుంది. చిన్నప్పటిదే. చిన్నగున్నప్పుడు టీబీ వచ్చింది, మందులు పూర్తిగ వాడింది, తగ్గిపోయింది అని ఒక్క మాట రాసిస్తే చాలు."

"చిన్నప్పుడు వచ్చిందని ఎవరు చెప్పిండ్రు?" అని బాలమణిని అడిగాను.

ఆమె కిషోర్ వైపు చూసింది. "సార్ గట్ల చెప్పుమన్నడమ్మా" అంది.

కిషోర్‌ను బయట కూర్చోమన్నాను. నవ్వుతూనే లేచాడు. అతను తలుపు దాటాక మమతను అడిగాను.

"ఎన్నాళ్ళ సంది దగ్గు బిడ్డా?"

"చలికాలం సంది మేడం."

"మందులేమన్న వాడినవా?"

"కిషోర్ సార్ తనకు తెలిసిన ఆర్ఎంపీ తానకు పంపిండు. ఎర్ర గోలీలు ఇచ్చిండు. తింటే దగ్గు తగ్గింది. తగ్గినంక ఆపేయుమన్నరు. తెమడల ఏం దొరకదు, పరీక్ష పాసయితవు అన్నరు. ఆపినంక మల్లొచ్చింది."

ఖాళీ షీటు ఒకటి బ్యాగులో మిగిలి ఉంటే చూపించింది. టీబీ మందులే. అంటే అది టీబీ అని వాళ్ళకు తెలుసు. తెలిసే కొన్నాళ్ళు తినిపించి, తెలిసే ఆపించారు. డాక్టరు కాబోయేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మధ్యలో మందు ఆపితే బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి బతుకుతాయి. ఆ తర్వాత అదే మందు వాటి మీద పనిచేయకపోవచ్చు. నెలల్లో తగ్గే జబ్బుకు ఏళ్ళు పట్టొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఒక వీసా కోసం ఆ ఇద్దరు మగవాళ్ళు ఈ పిల్ల ఊపిరితో జూదమాడారు.

"దగ్గు తగ్గింది గదమ్మా, ఇంక రోగమేడిది అనుకున్నం" అంది బాలమణి.

నేను అరిచాను. ఆమె మీద కాదు. తలుపవతల ఉన్న మనిషికి వినబడాలని అరిచాను. ఓపీలో కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారట. నేను తలుపు తీసేటప్పటికి కిషోర్ అక్కడ లేడు.

తెమడను మెషీన్‌లో పెట్టించాను. టీబీ ఉందో లేదో, ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో ఆ మెషీన్ చెబుతుంది. ఫలితం వచ్చేదాకా తల్లీకూతుళ్ళు వరండాలో కూర్చున్నారు. నేను వేరే రోగులను చూస్తున్నానేగాని మనసంతా అక్కడే ఉంది. టీబీ ఉందని వచ్చింది. మందుకు లొంగుతుందని కూడా వచ్చింది. ఆ పిల్ల అదృష్టం. అందులో కిషోర్ మంచితనమేమీ లేదు.

"సెప్టెంబరుల కాలేజీ మేడం. పోతనా?" అని అడిగింది మమత.

"ఈసారి పోవు. ఆరు నెలలు మందు తినాలె. మొత్తం తగ్గినంక పోతవు."

ఏడవలేదు. "మా నాయినకు ఎట్ల చెప్పాలె మేడం? సగం మంద అమ్మిండు" అంది.

పై నుంచి ఫోన్

మర్నాడు మా పై అధికారి ఫోన్ చేశాడు. తర్వాత నాకు శాలువా కప్పినాయన ఈయనే.

"ఎందుకమ్మా అంత పట్టుదల? ఆడపిల్ల భవిష్యత్తు. ఒక్క లైను. పెద్దవాళ్ళు కూడా చెబుతున్నారు."

"ఆ లైను మీరు రాసివ్వండి సార్. మీరూ డాక్టరే కదా" అన్నాను.

"నువ్వు మనుషులతో మెలగడం నేర్చుకోవాలమ్మా" అని పెట్టేశాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకు చెబుతున్నాను. ఇలాంటి అధికారి ఎప్పుడూ తన చేత్తో తప్పు చేయడు, మీ చేత్తో చేయిస్తాడు. వాదించకండి, నీతులు చెప్పకండి. ఆ పని మీరే చేయండి సార్ అని మర్యాదగా అనండి. నా అనుభవంలో ఇంతకంటే తొందరగా ఫోన్ పెట్టేయించే మాట లేదు.

మేనమామ ఇల్లు

ఒక ఇంట్లో పాతికేళ్ళు నిండని పిల్లకు టీబీ వచ్చిందంటే, ఆ ఇంట్లో ఇంకెవరో ఎప్పటి నుంచో దగ్గుతున్నారేమో చూడాలి. మా సూపర్‌వైజర్ రహీంను వెంటబెట్టుకుని మేనమామ ఇంటికి పోయాను. రోగి చెప్పే దాంట్లో సగమే నిజమని, మిగతా సగం ఇంట్లో కనబడుతుందని నా నమ్మకం. ఓపీ గదిలో కూర్చుని టీబీని పట్టుకున్న డాక్టర్ని నేను చూడలేదు.

మేనమామ పేరు అంజిలయ్య. బండల పాలిషింగ్‌లో పని. మెషీన్ కింద బండ తిరుగుతుంటే దుమ్మూ నీళ్ళూ కలిసిన బూడిదరంగు బురద ఎగిరి మీద పడే పని. గల్లీ అంతా ఆ రంగే. మేం పోయేటప్పటికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాట్లాడేముందు దగ్గాడు, మాట మధ్యలో దగ్గాడు.

"ఇది దుమ్ము దగ్గమ్మా. బండల కాడ పనిచేసేటోళ్ళకు అందరికుంటది. శేటు తువ్వాల కట్టుకోమంటడు. కట్టుకుంటే దమ్మాడదు."

"ఎప్పటి సంది?"

"యాదిలేదు. పోయినేడు దసరకు ఉండె. అంతకు ముంగట గూడ ఉండె."

ఆయన భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "దవాఖానోళ్ళు వచ్చిండ్రని గల్లంత చూస్తుండ్రు. మా బిడ్డకు సంబంధాలు చూస్తున్నం. ఆ మమతనే ఊరి నుంచి ఏదో రోగం తెచ్చింది. ఆమెకు ఇయ్యుండ్రి మీ మందులు" అంది.

రహీం నెమ్మదిగా, "అక్కా, గొంతు జర తగ్గించు. మేం పోతం. నువ్వు అరిస్తెనే గల్లోళ్ళకు తెలుస్తది" అన్నాడు. ఆమె తప్పుకుంది.

అంజిలయ్యకు తెమడ పరీక్ష చేయిస్తే టీబీ. ఎక్స్‌రే చూస్తే టీబీ ఒక్కటే కాదు, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము మచ్చలు. మమతకు జబ్బు ఇచ్చింది ఆ పక్క మంచం. మేనమామ భార్యకూ కూతురికీ మాత్రం లేదు, వాళ్ళు బతికిపోయారు.

అక్కడ నాకు వచ్చిన కోపాన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. ఆ మనిషి ఏడాదికి పైగా దగ్గుతున్నాడు. పని చేయించుకున్న శేటు విన్నాడు, పక్కింటివాళ్ళు విన్నారు, రోజూ మందులు అమ్మిన షాపువాడు విన్నాడు, ఆ గల్లీకి వచ్చిపోయే మా శాఖవాళ్ళూ విన్నారు. ఒక్కరూ ఎక్స్‌రే తీయించలేదు. ఎక్కడో ఉన్న దేశం తన జాగ్రత్త కోసం మమతను పరీక్ష అడిగింది కాబట్టి ఇక్కడ అంజిలయ్య బయటపడ్డాడు. ఆ పిల్లకు సీటే రాకపోయి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మందులివ్వడానికి ఇద్దర్నీ ఒకే రోజు పిలిచాను. అంజిలయ్య మేనకోడలి ముఖం చూడలేకపోయాడు.

"నా వల్లనే ఆగింది బిడ్డా నీ సదువు" అన్నాడు.

"నీ ఇంట్ల ఉండి చదివితెనే గద మామా నాకు సీటొచ్చింది. ముంగట గోలీలు మింగు" అంది మమత. నీళ్ళ గ్లాసు అందించి ఆయన మింగేదాకా ఎదురుగా నిలబడింది.

సీటు పోయిందన్న మాట

మొదటి నెల బాగానే గడిచింది. దగ్గు తగ్గింది, కాస్త ఒళ్ళు చేసింది. రెండో నెల మందులకు రాలేదు. రహీం బషీరాబాద్ పోయి తీసుకొచ్చాడు.

"గోలీలు ఎందుకు తింటలేవు?"

"ఎందుకు మేడం తినుడు? సీటు పోయింది. కట్టింది గూడ వాపస్ రాదట. వేరే యూనివర్సిటీకి మల్ల మొదటి సంది పెట్టుకోవాలె, మల్ల కట్టాలె అన్నడు కిషోర్ సార్."

"యూనివర్సిటీ వాళ్ళు చెప్పిండ్రా, కిషోర్ చెప్పిండా?"

"సార్ చెప్పిండు. మెయిలన్నీ ఆయనకే వస్తయి. నా పేరు మీద మెయిల్ ఆయనే చేసిండు. పాస్‌వర్డ్ ఆయన తాననే ఉంటది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఈ పిల్ల విదేశీ యూనివర్సిటీలో చేరబోతోంది. ఆ యూనివర్సిటీతో ఇప్పటివరకు ఒక్క మాట స్వయంగా మాట్లాడలేదు. ఈమె పేరుతో కిషోర్ మాట్లాడుతున్నాడు. ఇంగ్లీషు పరీక్ష మంచి మార్కులతో పాసైన పిల్లను నోరులేని పిల్లను చేశాడు. తర్వాత విచారిస్తే అక్కడికి పోయే చాలామంది పిల్లలకు ఇదే పద్ధతని తెలిసింది.

"నీకు ఇంగ్లీష్ వచ్చు గద. నీ ఫోన్ల నువ్వే కొత్తగ మెయిల్ చేసుకో. నువ్వే రాయి. జబ్బు దాయకు. ఉన్నదున్నట్టు రాయి" అన్నాను.

వరండా బెంచీ మీద కూర్చుని రాసింది. నాకు చూపించబోతే వద్దన్నాను. ఆమె మాటలు ఆమెవే అయి ఉండాలి.

కొన్నాళ్ళకు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ పిల్ల పరుగెత్తడం చూసి, ఊపిరి అందుతోందన్న సంతోషం ముందు కలిగింది నాకు. ఫోన్ నా ముందు పెట్టింది. జబ్బు చేసినందుకు బాధపడుతున్నామనీ, చికిత్స పూర్తి చేసుకోమనీ, సీటు వచ్చే ఏడాదికి ఉంచుతామనీ, కట్టిన ఫీజు కూడా ఆ ఏడాదికే జమ చేసుకుంటామనీ రాశారు. అంతే. అడిగితే చెప్పే మాట. కిషోర్ ఆ మాటను ఎందుకు అడగలేదంటే, ఈమె ఇంకో చోట కొత్తగా చేరితే అతనికి అక్కడి నుంచి ఇంకో కమిషన్ వస్తుంది.

మమత చాలాసేపు ఆ ఫోన్ వైపే చూసింది. "గిట్ల అబద్ధం చెప్పిండేంది మేడం?" అంది. గొంతులో ఏడుపు లేదు. అప్పటిదాకా నా ఒక్కదానికే ఉన్న కోపం ఆ రోజు ఆమెకూ వచ్చింది. చెప్పొద్దూ, నాకు తోడు దొరికినట్టనిపించింది.

ఆ తర్వాత ఒక్క గోలీ తప్పలేదు. ఆమే కాదు, అంజిలయ్య కూడా. మందులు పూర్తయ్యాయి. అంజిలయ్యకు టీబీ పోయింది. దుమ్ము మాత్రం పోలేదు, అది పోయేది కాదు. టీబీ అని తెలిసిన రోజే శేటు పనికి రావద్దన్నాడు. నష్టపరిహారం కోసం నేను రాసిన కాగితాలు ఏ టేబుల్ మీద ఉన్నాయో ఇప్పటికీ తెలియదు. ఆయన నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకుంటాడు. ఈ కథలో మంచి జరిగింది కదా అని ఎవరైనా అంటే నేను అంజిలయ్యను చూపిస్తాను.

ఫ్లెక్సీ మీద బొమ్మ

మరుసటి ఏడు మమత హైదరాబాద్ క్లినిక్‌లో పరీక్షలు చేయించుకుంది. పాత మచ్చ ఉంది కాబట్టి తెమడ తీసుకున్నారు. వారాల తరబడి ఎదురుచూపు. క్రిమి లేదని వచ్చింది. వీసా కూడా వచ్చింది. ఇవన్నీ కిషోర్ ప్రమేయం లేకుండా ఆమే చేసుకుంది.

ఇంకొద్ది రోజుల్లో ప్రయాణమనగా ఫోన్ చేసింది. "మేడం, మీరు జర తాండూరు వస్తరా? కిషోర్ సార్ ఆఫీసు ముంగట నా ఫోటో పెట్టిండు. మా విద్యార్థిని అని రాసిండు. నేను పోతున్న. మీరు పక్కనుంటే చాలు, ఏం మాట్లాడకుండ్రి."

నేను పోయాను. ఫ్లెక్సీ మీద నిజంగానే మమత నవ్వుతోంది. బాలమణి మెట్ల దగ్గర కూతురి చెయ్యి పట్టుకుని లాగుతోంది.

"పోయేముంగట పంచాయితీ ఎందుకు బిడ్డా? రోగం సంగతి ఊర్లె ఎవరికి తెల్వదు. తెలిస్తే ఏమనుకుంటరు?"

"వద్దనకమ్మా" అని పైకెక్కింది మమత.

లోపల గది నిండా పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. కిషోర్ లేచి నిలబడి, "రా అమ్మా రా! ఈ పాపనే మన..." అని పరిచయం చేయబోయాడు.

మమత అతని వైపు చూడలేదు. కూర్చున్నవాళ్ళ వైపు తిరిగింది.

"నా పేరు మమత. బయట ఫోటో నాదే. నాకు టీబీ ఉండె. ఈ సారు నాకు సగం మందు తినిపిచ్చి ఆపిచ్చిండు, పరీక్షల దొరకొద్దని. సీటు పోయిందని అబద్ధం చెప్పిండు. నేను సర్కారు దవాఖానల ఆరు నెలలు మందు తిన్న. ఇప్పుడు లేదు. మీకెవరికన్న దగ్గుంటే దవాఖానకు పోండ్రి. మీ మెయిల్ మీరే చేసుకోండ్రి, పాస్‌వర్డ్ ఎవ్వరికియ్యకుండ్రి."

కిషోర్ ముఖం ఎర్రబడింది. "చదువుకున్న పిల్లవు, నీ పరువు నువ్వే తీసుకుంటున్నవు" అన్నాడు.

"పరువు నాది సార్. నా ఫోటో తీసెయ్యండ్రి" అంది.

ఒక తండ్రి కొడుకును భుజం మీద తట్టి బయటికి తీసుకుపోయాడు. మమతకు దగ్గరగా కూర్చున్న ఒకామె తన కుర్చీని చప్పుడు చేస్తూ దూరం జరుపుకుంది. మమత అది చూసింది. అంతసేపు గట్టిగా మాట్లాడిన పిల్ల ఆ చప్పుడుకు తల దించుకుంది.

అప్పుడు బాలమణి గుమ్మంలో నుంచి లోపలికొచ్చింది. ఏడాదికి పైగా ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పని మనిషి. నేరుగా ఆ కుర్చీ జరిపినామె ముందుకు పోయి నిలబడింది.

"నా బిడ్డకు తగ్గిందమ్మా. నీ కొడుకు నేనొచ్చినకాడి నుంచి దగ్గుతుండు. ముంగట వాన్ని దవాఖానల చూపించు."

తల్లీకూతుళ్ళు మెట్లు దిగారు. వెనకే నేను. ఫ్లెక్సీ ఆ సాయంత్రమే దిగిపోయిందని రహీం చెప్పాడు. వారం తిరగకముందే అదే చోట వేరే పిల్లల ఫోటోలతో కొత్తది వెలిసింది. కిషోర్ మీద నేను చేసిన ఫిర్యాదు ఇంకా విచారణలోనే ఉంది. ఆ ఆర్ఎంపీ ఇంకా ఎర్ర గోలీలు ఇస్తూనే ఉన్నాడు.

మమత విమానమెక్కిన కొన్నాళ్ళకు, నేను ఇంకా సర్వీసులో ఉండగానే, ఆ కుర్చీ జరిపినామె కొడుకును వెంటబెట్టుకుని మా ఓపీకి వచ్చింది. పిల్లవాడికి టీబీ లేదు. ఉబ్బసం, అంతే. మందు రాసిచ్చాను. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ పిల్ల పోయిందా అమ్మా?"

"పోయింది."

"ఆ దినం నేను కుర్చీ జరిపిన. మంచిగ చేయలే."

పర్వాలేదమ్మా అంటానని ఎదురుచూస్తూ నిలబడింది. నేను అనలేదు. తర్వాతి రోగిని పిలిచాను.